హృదయధమనుల మార్గమును తెఱచుట



బృహదారణ్యకోపనిషత్తు హృదయ శబ్దమును మూడక్షరములుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట యని వివరించినది. సర్వాంగములకును రక్తము నిచ్చు ఈ హృదయమునకు రక్తము నిచ్చునవి దాని పైతలమున ప్రాకియున్న ధమనులు. వాని వెడల్పు 3, 4 మిల్లీమీటర్లు మాత్రమే. వాని గోడలలో క్రొవ్వు పేరుకొని, ఒకనాడు ఆ పొర చిట్లి, అచ్చట నెత్తురు గడ్డకట్టి దారి మూసికొనిపోవును. అంతట హృదయకండరము చచ్చుట కారంభించును. ఇదియే గుండెపోటు.

ఱొమ్ము కోయకయే ఈ ధమనుల దారి తెఱచు విధమును 1977 సెప్టెంబరు 16వ తేదీన జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు మెలకువగా నున్న రోగికి మొట్టమొదట జరిపెను. అందుకు వలయు బుడగలను ఆయన తొలుత తన వంటగదిలోనే తయారుచేసికొనినాడు.

మణికట్టునొద్ద గాని గజ్జయందు గాని ఆ చోటు మాత్రము తిమ్మిరి యెక్కించి, ధమనిలోనికి సన్నని గొట్టమును పోనిచ్చి, ఎక్స్‌రే తెరపై చూచుచు హృదయమువఱకు నడిపింతురు. వెండ్రుక వంటి తీగను అడ్డంకి దాటించి, దానిమీదుగా బుడగను చేర్చి ఉబ్బింతురు. క్రొవ్వు గోడ కొత్తుకొని దారి యేర్పడును. అది మరల ముడుచుకొనకుండ స్టెంటు అను లోహపు వలను అచ్చట నిలుపుదురు. ఈ స్టెంటు పద్ధతి 1986లో మొదలైనది.

ఇంత నేర్పును కాలము మించినచో నిష్ఫలమగును. ఆసుపత్రి చేరిన 90 నిమిషములలోపల దారి తెఱవవలెనని వైద్యులు నియమము పెట్టుకొనిరి. ఇంటియొద్ద పోయిన గంటను ఏ వైద్యుడును తిరిగి యీయలేడు. ఱొమ్మున బరువు, చేతికి దవడకు ప్రాకు నొప్పి, చల్లని చెమట కలిగినచో గ్యాసని సోడా త్రాగి తెల్లవారువఱకు వేచియుండరాదు. స్త్రీలకును మధుమేహము గలవారికిని ఒక్కొక్కప్పుడు నొప్పిలేక ఆయాసమే తోచును. అర్ధరాత్రమున బంధువుల తలుపు తట్టుటకు మొగమాటపడి ప్రాణము గోల్పోయినవారిని మే మెఱుగుదుము.

మఱియొక మాట. బుడగ దారిని తెఱచునే కాని రోగమును తీయదు. నెత్తురు గడ్డకట్టనీయని మందులను వైద్యుని యనుమతి లేక మానినచో స్టెంటే మూసికొనిపోవచ్చును. పొగాకును విడువవలెను.

కావున బంధువులారా, రాత్రింబవళ్ళు ఈ చికిత్స జరుగు ఆసుపత్రి మీకు చేరువలో నేదో నేడే తెలిసికొని, 108 సంఖ్యతో గూడ ఇంటి గోడపై వ్రాసి యుంచుడు. వాహనములు గల పోషకులు, ఏ జామున పిలిచినను వత్తుమని లేనివారికి ముందుగనే మాట యిచ్చి యుంచుడని ప్రార్థించుచు విరమించుచున్నాము.