జ్వరాన్ని దాచుకోకండి



మేం హాస్టల్ వార్డెన్లం. ఉపన్యాసాలు మాకు అలవాటు లేదు. అందుకే మా పిల్లల దగ్గర జరిగిన సంగతితోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ల కిందట ఒక వానాకాలం, ఏడో తరగతి పాప మూడు రోజులు జ్వరాన్ని దాచుకుంది. అన్నం పక్కపిల్ల కంచంలో వేసేసి, దుప్పటి ముసుగేసుకుని పడుకునేది. నాలుగో రోజు ప్రేయర్లో కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే మలేరియా. కోలుకున్నాక, "ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాం. "చెప్తే ఇంటికి పంపేస్తారు కదా మేడమ్" అంది.

తప్పు ఆ పాపది కాదు. జ్వరమొస్తే ఇంటికి పంపేయడం అప్పట్లో మా అలవాటు. ఆ అలవాటే ఆ పాప నోరు మూయించింది.

ఇలాంటి భయం ఈనాటిది కాదు పిల్లలూ. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ప్రయాణికుల్ని ఆపి పరీక్షించవచ్చు, జబ్బు ఉందన్న అనుమానంతో మనుషుల్ని వేరుచేసి ఉంచవచ్చు. సదుద్దేశంతో చేసిన పనికి అధికారుల మీద దావా చెల్లదు. పుణెలో సిపాయిలు ఇళ్లల్లో జొరబడి సోదాలు చేశారు. జనం ఏం చేశారు? రోగుల్ని దాచారు. ఆ కోపంలోనే జూన్‌లో చాపేకర్ సోదరులు ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. జబ్బును తగ్గించాల్సిన పద్ధతే జబ్బు దాక్కోవడానికి చోటిచ్చింది.

అదే 1897లో ఇంకో సంగతి జరిగింది. ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమకు రక్తమిచ్చింది హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన దోమకో అణా ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

మరి మన మన్యం మాటేమిటి? 1879లో రంప పితూరీని అణచడానికి వచ్చిన దళాలు జ్వరాలతో మంచం పట్టాయి. ఈ కొండల గాలే విషమని దొరలు అనుకునేవారు. క్వినైన్ కోసం నీలగిరుల్లో 1860లలోనే సింకోనా తోటలు వేశారు. కానీ ఆ మందులో ముందు వాటా సైనికులది. మన గూడేలకు 1882 అటవీ చట్టం వచ్చింది, పోడు మీద ఆంక్షలు వచ్చాయి, రోడ్డు పనుల వెట్టి వచ్చింది. డాక్టరు మాత్రం అంత తొందరగా రాలేదు. అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు నడిచింది ఆ బాధలతోనే.

రాస్ కనుక్కున్నదాన్ని బట్టి చూస్తే కొండ గాలిది ఏ తప్పూ లేదు. మన గెడ్డల్లో, ఊటల్లో పెరిగే దోమది. "మన్యం జ్వరం" అని మన నేలకు అంటగట్టిన పేరును మనం మోయక్కర్లేదు. అలాగని, పాత సర్కారు మీద కోపంతో నేటి సూదినీ మాత్రనూ వద్దనుకుంటే నష్టపోయేది మన బిడ్డలే. మన పెద్దల అనుమానానికి కారణం ఉంది. దాన్ని వెక్కిరించకండి, వివరించి చెప్పండి.

ఆ పాప తర్వాత మేం మారాం. ఇప్పుడు రోజూ రాత్రి మంచం మంచానికీ వెళ్లి నుదురు తాకి చూస్తాం. జ్వరమున్నవాళ్ల పేర్లు రిజిస్టర్లో రాస్తాం. రక్తపరీక్ష కాకుండా ఎవరినీ ఇంటికి పంపం. తగ్గి తిరిగొచ్చిన పిల్లకు అదే మంచం, అదే చోటు.

మీరు చేయాల్సింది కూడా చిన్నదే. గూడెంలో ఎవరికి చలిజ్వరం వచ్చినా అదే రోజు ఆశా కార్యకర్తను పిలవండి. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపనివ్వకండి. వైవాక్స్ మలేరియాకు ఆరోగ్య సిబ్బంది 14 రోజుల మందు ఇస్తే 14 రోజులూ దగ్గరుండి మింగించండి. అవ్వ ఆస్పత్రికి రానంటే కసరకండి. చెయ్యి పట్టుకుని మీరూ వెంట వెళ్లండి. అక్కడ ఎవరైనా విసుక్కుంటే ఆమె తరఫున మాట్లాడండి. చదువుకున్నది అందుకే కదా!

భయం లేని చోట జ్వరం దాక్కోదు. ఆ చోటు మన హాస్టల్ కావాలి, మన గూడెం కావాలి.

జై ఆదివాసీ.