పబ్లిక్ ప్లేస్ వేరు, పబ్లిక్ వ్యూ వేరు

(కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు మాటల గొడవ మనకెందుకు అంటారు కొందరు. మన మీద జరిగే దౌర్జన్యానికి శిక్ష వేసే చట్టం ఇంగ్లీషులో ఉంది. పై కోర్టుల్లో వకీళ్లు కొట్లాడేది ఆ ఇంగ్లీషు మాటల మీదనే. దగ్గర దగ్గరగా వినపడే రెండు మాటల్ని మనం ఒకటే అనుకుంటే, ఆ సందులోంచే ముద్దాయి జారిపోతాడు. అందుకని ఇయ్యాల కొన్ని మాటల్ని విడదీసి చెప్పుకుందాం.

పబ్లిక్ ప్లేస్ అంటే అందరికీ హక్కున్న చోటు. రోడ్డు, బస్టాండు, ఊరి బావి. పబ్లిక్ వ్యూ అంటే జనం కంటబడటం. చోటు ఎవరిదైనా కావచ్చు, ఎవరు చూశారు, ఎవరు విన్నారు అన్నదే అక్కడ లెక్క. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో అవమానం గురించి రాసిన సెక్షన్లో ఉన్నది పబ్లిక్ వ్యూ. 2015 సవరణలో కులం పేరుతో తిట్టడాన్ని విడిగా నేరం చేసినప్పుడూ అదే మాట పెట్టారు.

దీని మీద 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఢిల్లీలో ఒక దళిత డ్రైవర్‌ను ఇంటి గేటు దగ్గర, కారు పక్కన నిలబడి ఉండగా కులం పేరుతో తిట్టారని కేసు. సొంత ఇల్లు గదా, పబ్లిక్ ప్లేస్ ఎట్లా అవుతుందని అవతలివాళ్ల వాదన. కోర్టు ఒప్పుకోలేదు. రెండు మాటల్నీ కలపొద్దు, గేటు దగ్గర జరిగేది దారిన పోయేవాళ్లకు కనపడుతుంది, కాబట్టి అది పబ్లిక్ వ్యూ అన్నది. ఇంటి లోపల తిట్టినా సరే, బయటి జనం అక్కడుంటే నేరమే. చుట్టాలు, స్నేహితులు మాత్రమే ఉంటే చాలదు.

ఇప్పుడు దీనికి తిరగేసిన కేసు చూడండి. తమిళనాడులో ఒక దళిత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ను ఆయన ఆఫీసు గదిలోనే కులం పేరుతో తిట్టారని కేసు పెట్టారు. తోటి ఉద్యోగులు తర్వాత వచ్చారు. తిట్టినప్పుడు నాలుగు గోడల మధ్య జనం లేరు గనక అది పబ్లిక్ వ్యూ కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. సర్కారు ఆఫీసు పబ్లిక్‌ది కాదా అని మీరడుగుతారు. మేమూ అడుగుతున్నాం. ఎవరూ లేనప్పుడు తిడితే నొప్పి తగ్గుతుందా? ఈ తీర్పు మాకు మింగుడుపడదు. అయినా చట్టంలో ఆ మాట ఉన్నన్నాళ్లూ మన ఫిర్యాదు దానికి తగ్గట్టు ఉండాలి.

'పబ్లిక్ ప్లేస్‌లో తిట్టాడు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఎక్కడ నిలబడి తిట్టాడు, ఏ మాట అన్నాడు, అప్పుడు అక్కడ ఎవరెవరున్నారు, మన చుట్టాలు కానివాళ్లు ఎవరు విన్నారు, అన్నీ రాయించండి. జరిగింది జరిగినట్టే, ఒక్క పేరు కూడా కల్పించొద్దు. చదువు రానివాళ్లు నోటితో చెప్పొచ్చు. పోలీసు అధికారి దాన్ని రాసుకుని, సంతకం పెట్టించుకునే ముందు చదివి వినిపించాలని ఈ చట్టం నాలుగో సెక్షన్ చెప్తోంది. 'నాకు టైము లేదు, వేలిముద్ర వెయ్యి' అంటే వెయ్యొద్దు.

ఇంకో జత ఎంక్వైరీ, ఇన్వెస్టిగేషన్. రెండింటినీ మనం విచారణ అనేస్తున్నాం. ఇన్వెస్టిగేషన్ కేసు కట్టాక జరిగేది. ఈ చట్టం కింద అది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి. ఎస్సై 'ఎంక్వైరీ చేసి చూస్తాం' అంటే ఇంకా కేసే కట్టలేదన్నమాట. ఆ పది రోజుల్లోనే పెత్తందార్లు వాడకొచ్చి రాజీ మాటలు మొదలుపెడతారు. ముందు ఎంక్వైరీ చెయ్యొచ్చని 2018 మార్చిలో సుప్రీంకోర్టు అన్నప్పుడు, ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఆగస్టులోనే పార్లమెంటు 18-ఎ సెక్షన్ చేర్చింది. కేసు కట్టడానికి ముందస్తు ఎంక్వైరీ అక్కర్లేదని అందులో ఉంది. 2020లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. కాబట్టి స్టేషన్లో అడగాల్సింది ఒకటే: 'ఎఫ్ఐఆర్ నంబరెంత? కాపీ ఏది?' కాపీకి పైసా కట్టనక్కర్లేదు.

చివరిగా డబ్బు సంగతి. ఎక్స్‌గ్రేషియా అంటే బాధ్యత లేకపోయినా దయతలిచి ఇచ్చేది. రిలీఫ్ వేరు. 1995 రూల్స్‌లో పన్నెండో రూల్ ప్రకారం అది సర్కారు ఇచ్చి తీరాల్సింది. 2016 సవరణ తర్వాత వారం రోజుల్లో అని గడువు కూడా పెట్టారు. నాయకుడొచ్చి ఫొటో దిగి చెక్కు ఇచ్చినా అది ఆయన జేబులోది కాదు. అర్జీలో 'దయతో ఎక్స్‌గ్రేషియా ఇప్పించ ప్రార్థన' అని రాయడం మానండి. 'పన్నెండో రూల్ కింద రిలీఫ్ ఇవ్వాలి' అని కలెక్టర్‌కు రాసి, ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి, ఆఫీసులో ముద్ర వేయించుకున్న నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి.