డ్రైవర్ లేని బండి
(మంగంపేటలో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఎలక్ట్రికల్ విభాగపు విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ మనం పింఛను గురించి, మందుల బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "వైఫై పనిచేయని లాప్‌టాప్‌ల గురించి చెప్పండి, చాలామంది అడుగుతున్నారు" అన్నారు. అడిగేవారి బాధ నాకు తెలుసు. మన ఇళ్లలో సగం మందికి కొడుకో అల్లుడో కువైట్‌లో ఉన్నాడు. సాయంత్రం మనవడి ముఖం తెర మీద కనబడకపోతే ఆ ఇంట్లో అన్నం సయించదు. ఫోను ఉంది గదా అంటారేమో! శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు అరచేతంత తెర ఏ మూలకు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపివేసింది. పదేళ్ల కిందటి లాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 అర్హత లేదు. అందుకని పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వాటిలో లినక్స్ వేసి పోతున్నారు. మంచి పనే. డబ్బు కట్టనక్కరలేదు, పాత యంత్రం మీద కూడా చక్కగా నడుస్తుంది. అయితే వాళ్లు విమానం ఎక్కిన తర్వాత వైఫై గుర్తు మాయమవుతుంది. అప్పుడు మొదలవుతుంది మన కథ.

"డ్రైవర్ లేదు" అని యంత్రం చెబుతుంది. మొన్న ఈ మాట విని మన మిత్రుడొకాయన "ఏమప్పా, దానికి గూడా డ్రైవర్ కావల్నా?" అన్నాడు. కావాల్సిందే. గనిలోకి కొత్త టిప్పర్ వచ్చిందనుకోండి. ఇంజను బాగుంది, డీజిల్ ఉంది. దాని గేర్లు తెలిసినవాడు ఎక్కకపోతే అది షెడ్డులోనే ఉంటుంది. లాప్‌టాప్‌లో వైర్‌లెస్ కార్డు బొటనవేలంత చిన్న పలక. దానికి ఏ క్రమంలో ఏ ఆజ్ఞ ఇస్తే గాలిలోని సంకేతం అందుకుంటుందో తెలిసిన ప్రోగ్రామే డ్రైవర్. విండోస్‌కైతే కార్డు చేసిన కంపెనీయే దాన్ని రాసి ఇస్తుంది. లినక్స్‌కు చాలాకాలం చాలా కంపెనీలు రాయలేదు.

మన సభ్యుల్లో ఒకరు కాలం చేశారు. ఆయన భార్యను మేము అక్కయ్య అని పిలుస్తాం. ఆవిడ లాప్‌టాప్‌లో వైఫై పోతే పట్నంలో ఒక దుకాణానికి పంపారు. "బోర్డు పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అని చెప్పి పంపించారు. ఆవిడ పింఛను ఎంతో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. నన్ను చూడమన్నారు. మోటారు తిరగకపోతే మనం ముందు ఏం చూస్తాం? సప్లై వచ్చిందా, స్విచ్ ఉందా అని. ఇక్కడా అంతే. కొన్ని లాప్‌టాప్‌లకు రేడియోను ఆపే మీట ఉంటుంది, కొన్నింటికి ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కాలి. "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" అని టైపు చేస్తే రేడియోను ఎవరైనా ఆపారా లేదా చెబుతుంది. అక్కయ్య యంత్రంలో ఎవరూ ఆపలేదు.

తర్వాత నేమ్‌ప్లేట్ చూడాలి. "ఎల్ఎస్‌పీసీఐ" అనే ఆజ్ఞ లోపలున్న కార్డుల జాబితా ఇస్తుంది. దానికి ఒక గీత పెట్టి రెండు ఎన్‌లు కలిపితే ప్రతి కార్డుకూ ఒక సంఖ్యల జత కూడా వస్తుంది. మొదటిది కంపెనీది, రెండవది మోడల్‌ది. ఇంటెల్ వారి సంఖ్య 8086. పాత కంప్యూటర్లు తెలిసినవారు ఆ సంఖ్యను వెంటనే గుర్తుపడతారు. డబ్బా మీద ఏ పేరున్నా నమ్మవద్దు, ఒకే పేరుతో లోపల వేరే చిప్పు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. అక్కయ్య యంత్రంలో కార్డు ఆ జాబితాలో స్పష్టంగా కనబడింది. అంటే బోర్డు పోలేదు! డ్రైవర్ మాత్రమే లేదు. ఆ డ్రైవర్‌ను ఇంటర్‌నెట్ నుంచి తెచ్చుకోవాలి, ఇంటర్‌నెట్ రావాలంటే ఆ డ్రైవర్ కావాలి. బావిలో పడ్డ చేంతాడు తీయడానికి చేంతాడు వెదికినట్లు. దీనికి ఉపాయం మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును చార్జింగు వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోనులోని ఇంటర్‌నెట్ వైరుగుండా వస్తుంది. లినక్స్ మింట్‌లో డ్రైవర్ మేనేజర్ అని ఒకటుంది, అది సరిపోయే డ్రైవర్‌ను వెదికి చూపింది. వేసి, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాం. అరగంట పని. ఖర్చు లేదు.

కొన్నిసార్లు డ్రైవర్ ఉండి కూడా కార్డు కదలదు. "డీమెసేజ్" అనే ఆజ్ఞ యంత్రం రాసుకున్న లాగ్‌బుక్కును చూపుతుంది. అందులో ఫర్మ్‌వేర్ దొరకలేదని ఉంటే, కార్డు లోపల నడవాల్సిన చిన్న ప్రోగ్రాము లేదని అర్థం. అది కంపెనీ సొత్తు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం గట్టిగా పట్టుకున్న డెబియన్ వారు దాన్ని చాలా ఏళ్లు తమ ఇన్‌స్టాలేషన్ డిస్కులో చేర్చలేదు. 2022లో ఓటింగు పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి చేర్చారు. నియమం గొప్పదే. కానీ వైఫై లేని ముసలివారికి నియమం ఏం చేసుకోను? ఓటు సరైన వైపే పడిందని నా అభిప్రాయం.

ఇక ఈ డ్రైవర్లు ఎవరు రాశారన్నది అసలు చెప్పదలచిన సంగతి. బ్రాడ్‌కామ్ కంపెనీ తన వైర్‌లెస్ చిప్పుల వివరాలను లినక్స్ వారికి ఇవ్వలేదు. అప్పుడు కొందరు వాలంటీర్లు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి పరిశీలించి, చిప్పు ఎలా పనిచేస్తుందో మాటల్లో రాసింది. రెండవ జట్టు ఆ డ్రైవర్ ముఖం చూడకుండా, ఆ కాగితాలను మాత్రమే చదివి కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారనే మాట రాకుండా ఆ జాగ్రత్త. 2006 జూన్‌లో అది లినక్స్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామే తన కొత్త చిప్పులకు కొన్నింటికి బహిరంగ డ్రైవర్ విడుదల చేసింది.

ఈ పనిలో 2005 ప్రాంతంలో చేరి, తర్వాత దాని భారం చాలా ఏళ్లు మోసిన మనిషి లారీ ఫింగర్. అమెరికా ఆయన. 1940లో పుట్టారు. అంటే ఈ పనిలోకి వచ్చేసరికి దాదాపు 65 ఏళ్లు! ఆయన వృత్తి ఏమిటో తెలుసా? ఖనిజాలు. కార్నెగీ సంస్థ వారి జియోఫిజికల్ లాబొరేటరీలో స్ఫటికాల నిర్మాణం మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఎల్ సాల్వడార్‌లోని ఇజాల్కో అగ్నిపర్వతం దగ్గర దొరికిన ఒక రాగి ఖనిజానికి ఆయన పేరు మీదే ఫింగరైట్ అని పేరు పెట్టారు. ముగ్గురాయిని చేత్తో పట్టి బరువు చూసి గ్రేడు చెప్పే మనవాళ్లకు ఆయన పరాయివాడు కాడు. రాళ్ల పని అయిపోయాక వైర్‌లెస్ కార్డులు పట్టుకున్నారు. బ్రాడ్‌కామ్ తర్వాత రియల్‌టెక్ చిప్పుల డ్రైవర్లు చూశారు. లినక్స్‌లో ఆయన చేసిన సవరణలు వేయికి పైనే. కొత్త కార్డుల డ్రైవర్లు పాత లినక్స్‌లలో కూడా నడిచేలా విడిగా తయారుచేసి ఉంచేవారు. ముక్కూ మొహం తెలియనివారు అడిగితే జవాబు రాసేవారు. 2024 జూన్‌లో 84వ ఏట కన్నుమూశారు. ఆ ఆఖరి ఏళ్లలోనూ ఈ పని వదలలేదు.

మనకు ప్రోగ్రాములు రాయడం రాదు గదా అంటారు. రానక్కరలేదు. డ్రైవర్ రాసేవాడి దగ్గర ప్రపంచంలోని అన్ని కార్డులూ ఉండవు. "నా యంత్రంలో ఇది నడవలేదు" అని సరిగా రాసి పంపేవాడు కావాలి. వైఫై పనిచేయడం లేదు అని ఒక ముక్క రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. మన బ్రేక్‌డౌన్ రిజిస్టరులో ఎలా రాసేవాళ్లం? ఏ యంత్రం, ఎన్ని గంటలకు ఆగింది, దానికి ముందు ఏం మార్చాం, ఏం చేసి చూశాం. అదే పద్ధతి. కార్డు సంఖ్య, లినక్స్ వెర్షన్, లాగ్‌లోని వరసలు ఉన్నవి ఉన్నట్టు. లోపం చెప్పినవారి పేరు, సవరణ పరీక్షించినవారి పేరు కూడా ఆ సవరణ కిందనే రాసే ఆచారం వాళ్లలో ఉంది. సంతకానికి అంత విలువ మన రోజుల్లోనూ ఉండేది.

నిన్న నడిచిన కార్డు కొత్త వెర్షన్‌లో ఆగితే తప్పు పట్టే తీరు కేబుల్ ఫాల్టు వెదికినట్లే ఉంటుంది. మధ్యలో విడదీసి ఏ సగంలో ఉందో చూస్తాం, మళ్లీ ఆ సగాన్ని సగం చేస్తాం. వేయి మార్పుల్లో తప్పు ఏదో పది పరీక్షల్లో దొరుకుతుంది. విసుగు పని. విసుగు పనికి తీరిక ఉన్నవారు కావాలి, తీరిక మనకున్నంత ఎవరికీ లేదు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లలు మీ ఇళ్లలో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకు ఇంగ్లీషు, మనకు ఓపిక.

ఒక్క మాట. లైఫ్ సర్టిఫికెట్‌కు లాప్‌టాప్ బాగుచేసుకోవాలని ఎవరూ కంగారుపడవద్దు. ముఖం చూపి ఇచ్చే పద్ధతి ఆండ్రాయిడ్ ఫోనులోనే ఉంది.

భోజనాల తర్వాత వెనక గదిలో ఉంటాను. లాప్‌టాప్ తెచ్చినవారు దాని చార్జరు, ఒక ఫోను, ఫోను వైరు పట్టుకుని రండి. దుకాణంవారు పోయిందన్న యంత్రాలను ముందు చూద్దాం. సెలవు.