వంశవృక్షమున కానరాని పేర్లు



మన కుటుంబములలో వంశవృక్షము వ్రాయించి పటము గట్టించుట పరిపాటి. తండ్రి, తాత, ముత్తాత, గోత్రము, ఇంటిపేరు అన్నియు నందుండును. ఆడపడుచులు మాత్రము కానరారు. చోటు చాలదందురు! పురుషులకు వచ్చు ప్రోస్టేటు గ్రంథి క్యాన్సరును గూర్చి ప్రసంగింప నిలచిన మేము ఈ మాట యేల యెత్తితిమనగా, ఆ వ్యాధికి దారితీయు లోపము మాతామహుని యింటినుండియు రావచ్చును.

1995లో ఇంగ్లండునందు మైకేల్ స్ట్రాటన్ బృందమువారు కనుగొనిన బి.ఆర్.సి.ఎ.2 అను జన్యువునకు గోత్రముతో పనిలేదు. అది చెడియున్నచో స్త్రీలకు రొమ్మునందును అండాశయమునందును, పురుషులకు ప్రోస్టేటునందును క్యాన్సరు కలుగు నవకాశము హెచ్చును. తల్లియందుగాని తండ్రియందుగాని ఆ లోపమున్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు నూటికి 50 పాళ్లు అవకాశము గలదు. కావున పినతల్లి రొమ్ము క్యాన్సరుతో గతించిన సంగతి మగవాడును వైద్యునికి చెప్పవలసినదే. పిల్లల సంబంధములు చెడునను భయమున మనవారు దానిని దాచుచున్నారు. వ్యాధికన్న ఈ దాపరికమే మాకు భీతి గొల్పుచున్నది.

పరీక్షకు కొంచెము రక్తమో ఉమ్మియో చాలును. వీలైనచో ముందుగా వ్యాధిగ్రస్తునికే చేయింపవలెను. అతనియందు ఏ లోపము తేలునో దానినే బంధువులయందు వెదకవచ్చును. లోపము కలదన్నంతమాత్రమున వ్యాధి వచ్చినట్లు కాదు. బి.ఆర్.సి.ఎ.2 లోపముగల పురుషులు 40వ యేటినుండియే పి.ఎస్.ఏ. రక్తపరీక్ష మొదలిడుట మేలని నిపుణుల సలహా. 2020లో అమెరికాలో ఒలాపరిబ్ అను మందునకు ఇట్టి లోపముగల ముదిరిన ప్రోస్టేటు క్యాన్సరుకై అనుమతి లభించినది. కావున రోగికిని పరీక్ష ఉపకరించును.

ఈ వివరములను సంఘపు డైరెక్టరీలో అచ్చొత్తించుడని మేము కోరుట లేదు. అమ్మమ్మ, మేనత్త, పినతల్లి యే వ్యాధితో, ఏ వయస్సున గతించిరో ఇంటి పుస్తకమున వ్రాసియుంచుడు.