పేరుకు ముందు రాయి

ఈ మాటలు ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థుల కోసమే.

గరివిడి మాంగనీసు గనుల ఊరని మీకు తెలుసు. అక్కడి ముడి ఖనిజాన్నీ, నాగపూర్ వైపు బెల్డోంగ్రి ఖనిజాన్నీ పరీక్షించిన లూయిస్ లీ ఫెర్మార్ 1908లో ఒక కొత్త ఖనిజాన్ని ప్రకటించారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో తన సహోద్యోగి పేరిట దానికి వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టారు. అయస్కాంతం దగ్గరికి తెస్తే గట్టిగా పట్టుకునే నల్లని ఖనిజం అది. ఆయన చేతిలో రసాయన విశ్లేషణ ఉంది. స్ఫటికం లోపల పరమాణువుల అమరికను చూపే ఎక్స్‌రే మాత్రం లేదు. ఆ దారి తెరుచుకున్నది 1912లో.

తరవాతి వాళ్లు ఆ రాతిని అద్దంలా నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. లోపల రెండు ఖనిజాలు పలకలు పలకలుగా అల్లుకుని ఉన్నాయి. ఒకటి జాకబ్‌సైట్, రెండోది హౌస్‌మనైట్. పెద్ద వేడిలో ఒక్కటిగా ఉన్న పదార్థం నెమ్మదిగా చల్లారుతూ రెండుగా విడిపోయిందన్నమాట. వ్రెడెన్‌బర్గైట్ జాతుల జాబితాలోంచి పోయింది. మధ్యప్రదేశ్‌లోని కజ్లీడోంగ్రి గని నుంచి ఫెర్మార్ 1906లో పేరు పెట్టిన హాలండైట్ ఇప్పటికీ నిలిచే ఉంది.

మనసుకు దగ్గరైన పేర్లూ పోతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖను తీర్చిదిద్దిన సి. మహదేవన్ గారి పేరిట ఒక అభ్రకం మహదేవైట్ అయింది. నేడు దాన్ని ఫ్లోగోపైట్‌లో ఒక రకంగానే లెక్కిస్తున్నారు. వినగానే నాకు బాధ కలిగింది. ఆ నిర్ణయం సరైనదని ఒప్పుకోవడానికి మాత్రం ఆ బాధ అడ్డు రాలేదు.

ఇప్పుడు ఎవరికి వారు పేరు పెట్టేసుకునే వీలు లేదు. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం 1959లో ఇందుకోసం ఒక కమిషన్‌ను ఏర్పరచింది. దొరికిన చోటు, రసాయన సంఘటన, స్ఫటిక నిర్మాణం, రంగు, మెరుపు, కాఠిన్యం, సాంద్రత, కాంతి దానిలో ఎలా నడుస్తుందన్నదీ, అన్నీ రాసి పంపాలి. వివిధ దేశాల సభ్యులు చదివి ఓటు వేస్తారు. జాతిగా ఒప్పుకోవడానికి ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు మించి అనుకూలించాలి. పేరుకు సగానికి మించితే చాలు. ఈ తేడా నాకెంతో నచ్చింది. ఖనిజం ఉందా లేదా అన్నది గట్టి ప్రశ్న, ఏమని పిలవాలన్నది దాని తరవాతిది. కనుక్కున్నవారు తమ పేరు తాము పెట్టుకోకూడదు. బతికున్నవారి పేరైతే వారి అనుమతి కావాలి. వీటన్నిటితో పాటు, పరీక్షించిన ఆ మూల నమూనాను ఒక మ్యూజియంలో భద్రపరచాలి.

నమూనా ఎంత అవసరమో చెప్పడానికి బ్రిడ్జ్‌మనైట్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. మన కాళ్ల కింద 660 కిలోమీటర్ల లోతు దాటితే ఎక్కువగా ఉన్నది అదే. భూమి ఘనపరిమాణంలో సుమారు 38 శాతం ఆ ఒక్క ఖనిజమే. ప్రయోగశాలలో 1970లలోనే తయారు చేశారు. అయినా 2014 దాకా దానికి ఖనిజంగా పేరు లేదు. ఎందుకంటే మనిషి చేసిన పదార్థం ఖనిజం కాదు, ప్రకృతిలో పుట్టిన ముక్క కావాలి. అంత లోతు నుంచి పైకి వచ్చేసరికి అది మరో రూపంలోకి మారిపోతుంది. చివరికి 1879లో ఆస్ట్రేలియాలోని టెన్‌హామ్ దగ్గర పడ్డ ఉల్కలో దొరికింది. అంతరిక్షంలో ఢీకొన్నప్పుడు పుట్టిన ఒత్తిడికి ఏర్పడి, చప్పున చల్లారి అలాగే మిగిలిపోయిన రేణువులవి. ఎలక్ట్రాన్ పుంజం తగిలితే చెదిరిపోతాయి కనుక ఆలివర్ చౌనర్, చి మా బృందం సింక్రోట్రాన్ ఎక్స్‌రేలతో పట్టుకుంది. 2014-017 అన్న సంఖ్య మీద ఆమోదం వచ్చింది. ఆ ఉల్కను 135 ఏళ్లు ఎవరో ఒకరు జాగ్రత్తగా దాచి ఉంచకపోతే ఆ పేరు ఎక్కడిది?

మన ఇళ్లలో బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి పేరు రాస్తాం. అప్పటికి బిడ్డ తల్లి ఒడిలో ఉంటుంది. మన శాస్త్రంలో ఆ ఒడి మ్యూజియం సొరుగే.

ముప్పై ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కళాశాలలో గదులు మార్చారు. సెలవుల నుంచి తిరిగి వచ్చేసరికి మా నమూనాలు పూలమొక్కల చుట్టూ వరుసగా పేర్చి, సున్నం కొట్టి ఉన్నాయి. తరాల అధ్యాపకులు మోసుకొచ్చిన రాళ్లవి. కడిగి ఏరుకోగా 43 మిగిలాయి. చీటీ అంటుకుని ఉన్నవి 11. తక్కిన 32 ఏ గని నుంచి వచ్చాయో చెప్పగలవారు ఇక లేరు. ఊరు తెలియని రాయి ఎంత అందంగా ఉన్నా సాక్ష్యానికి పనికిరాదు.

అందుకని ఈ సాయంత్రం తీర్మానాల సమావేశంలో నేనొకటి ప్రతిపాదిస్తాను. ప్రతి కళాశాల తన సొరుగుల్లో ఏముందో రాసి వచ్చే సదస్సుకు తేవాలి. ఊరు, గని, లోతు, తేదీ, తెచ్చినవారి పేరు ఉంటే చాలు. నా 11 రాళ్ల జాబితా ఇదుగో, కార్యదర్శిగారి చేతికి ఇస్తున్నాను.