జవాబు రాని ఇంటర్వ్యూ

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగ మార్గదర్శనం గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. చట్టాల సంగతి తరువాత చెబుతాము. ముందు మా గుంటూరులోని ఒక బిడ్డ సంగతి వినండి. పేరు చెప్పము, అతడు ఇంకా ఉద్యోగాన్వేషణలోనే ఉన్నాడు.

తల్లి మిషను కుట్టి చదివించింది. ఫీజు రీయింబర్స్‌మెంటుతో బి.టెక్. పూర్తి చేశాడు. హైదరాబాదులోని ఒక పెద్ద కంపెనీకి దరఖాస్తు చేశాడు. ఆన్‌లైన్ పరీక్ష నెగ్గాడు, రెండు సాంకేతిక ఇంటర్వ్యూలు నెగ్గాడు. చివరిది హెచ్.ఆర్. వారిది. శుక్రవారం ఉదయం పదింటికి రమ్మని, మధ్యాహ్నం మూడున్నరకు లోపలికి పిలిచారు. జుమా నమాజుకు వెళ్లి వచ్చేలోపు తన పేరు పిలుస్తారేమోనని అతడు కుర్చీ వదలలేదు. లోపల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. పనికి సంబంధించిన ప్రశ్నలు రెండే. మిగిలినవన్నీ వేరు. ఏ పేటలో ఉంటారు? అక్కడంతా మీవాళ్లేనా? శుక్రవారాలు మధ్యలో వెళ్లిపోతారా? అందరితో కలిసి భోజనం చేస్తారా? చివరకు "కబురు చేస్తాము" అన్నారు. ఏడు వారాలు గడిచాయి. కంపెనీ వెబ్‌సైటులో అతని దరఖాస్తు ఎదుట "పరిశీలనలో ఉన్నది" అన్న మాట మారలేదు. రెండు మెయిళ్లకూ జవాబు లేదు.

మేము తొందరపడి తీర్పు చెప్పదలచుకోలేదు. అదే రోజు పక్క కుర్చీలో కూర్చున్న అతని సహాధ్యాయి హిందూ యువకుడు. అతనికీ ఇంతవరకు జవాబు రాలేదు. కనుక మతమే కారణమని మేము ఋజువు చేయలేము. కాదని వారూ ఋజువు చేయలేరు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినవారము. మా కార్యాలయాలు ధర్మక్షేత్రాలని చెప్పము. ఫైలు ఎలా నిద్రపోతుందో మాకంటే ఎవరికి తెలుసు! అయినా దరఖాస్తు వస్తే ఇన్‌వార్డు రిజిస్టరులో ఒక నంబరు పడుతుంది. తిరస్కరిస్తే నోట్‌ఫైలులో కారణం రాసి, కింద ఒకరు సంతకం పెట్టాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి ఆ కాగితం అడగవచ్చు. ప్రైవేటు కంపెనీని అలా నేరుగా అడిగే వీలు లేదు. ఉద్యోగాలలో మతవివక్షను నిషేధించిన రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ కొలువులకు సంబంధించినది. 2007లో మనకు దక్కిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషను విద్యాలయాలకు, ప్రభుత్వోద్యోగాలకు పరిమితం. వికలాంగుల విషయంలో 2016 చట్టం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలన్నది. మతం విషయంలో అటువంటి కేంద్ర చట్టం లేదు. సమాన అవకాశాల కమిషను ఏర్పాటు చేయమని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అది నేటికీ ఏర్పడలేదు.

ఇదంతా మన అనుమానమే అనేవారు మనలోనూ ఉన్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ ఎట్‌వెల్ అనే పరిశోధకులు 66 వారాలపాటు పత్రికలలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. సమానమైన అర్హతలే చూపి, పేర్లు మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.33గా తేలింది. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ దీనిని ప్రచురించింది. ఆ దరఖాస్తుల వెనుక మనిషి లేడు, గడ్డం లేదు, టోపీ లేదు. పేరు ఒక్కటే ఉన్నది.

మన జిల్లాలలో షేక్ అన్నది ఇంటిపేరుగా ముందే వస్తుంది కదా. ఒక సాయంత్రం ఆ అబ్బాయి మమ్మల్ని అడిగాడు: "చాచా, రెజ్యూమేలో షేక్ తీసేసి ఉత్త 'ఎస్.' అని పెట్టుకుంటే తప్పా?" తల్లి గుమ్మంలో నిలబడి మా ముఖం వంకే చూస్తున్నది. మేము గుమాస్తా జవాబే చెప్పాము: "పదో తరగతి మెమోలో ఉన్నట్లే ఉండాలి బాబూ, లేకపోతే సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది వస్తుంది." ఆ మాట అబద్ధం కాదు. కాని అతడు అడిగింది అది కాదని ఇంటికి నడిచి వచ్చే దారిలో మాకు తెలిసింది. రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు ఫజర్ తరువాత మళ్లీ వెళ్లాము. "పేరు ఉంచుకో నాయనా. ఉంచితే పిలుపు వస్తుందని మాత్రం మేము పూచీ పడలేము" అన్నాము. అతడు నవ్వాడే గాని ఏమీ అనలేదు.

తల్లిదండ్రులను ఒక్క పని కోరుతున్నాము. పిల్లలు ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజే తేదీ, వేళ, అడిగిన ప్రతి ప్రశ్న నోటుబుక్కులో రాయించండి. ఉద్యోగం వచ్చినా సరే రాయించండి. వారం పోతే మాటలు కలగాపులగం అవుతాయి. ఎవరి ముందుకు వెళ్లినా మన చేతిలో కాగితం ఉండాలి. కంటతడి ఒక్కటే ఉంటే వినరు.

ఆ కంపెనీకి మేము లేఖ రాశాము. వివక్ష చూపారని నిందించలేదు. ఆ ప్రశ్నలు ఏ నియమం ప్రకారం అడిగారో, ఎంపిక కాకపోతే ఆ సంగతి లిఖితపూర్వకంగా ఎందుకు తెలుపరో చెప్పమన్నాము. స్పీడు పోస్టులో పంపాము. అందినట్లు తెలిసింది. జవాబు రాలేదు. లేఖ నకలును, పోస్టాఫీసు రసీదును ఫైలులో పెట్టాము. వచ్చే నెల మళ్లీ రాస్తాము.

అబ్బాయికి మంగళవారం మరో కంపెనీలో ఇంటర్వ్యూ ఉన్నది. రెజ్యూమే మాకు చూపించి పంపాడు. షేక్ అనే ఉన్నది.