మా-రాబర్ట్ సంసారము

మహనీయుల చరిత్రలు వ్రాయువారు వారి వంటింటి గడప దాటి లోనికి పోవుట అరుదు. డేవిడ్ లివింగ్‌స్టన్ ఆఫ్రికాలో ఏ నదిని దాటెనో, ఏ జలపాతమును దర్శించెనో పాఠశాల బాలురు సైతము చెప్పగలరు. ఆయన బిడ్డలకు రొట్టె కాల్చినదెవరు, చొక్కాలు కుట్టినదెవరు, జ్వరము వచ్చిన రాత్రి ప్రక్కన మేల్కొని కూర్చున్నదెవరు అని అడిగితిమా, సమాధానమునకు పుస్తకములు చాల త్రిప్పవలసియుండును. ఈ సాయంకాలము నేను శ్రోతలకు చెప్పదలచినది ఆ రెండవ చరిత్ర. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో దక్షిణాఫ్రికాకు మతప్రచారమునకై పోయిన ఒక కుటుంబము, రెండు తరములపాటు ఆ నేలపై పసిపిల్లలను ఎట్లు పెంచినది అనునదే విషయము. మతప్రచారము మంచిదా కాదా అను చర్చకు ఇది తావు కాదు. అది వేరొక ప్రసంగము.

మేరీ స్మిత్ ఇంగ్లండులో మాంచెస్టరు పరిసరములందలి ఒక నారుతోట యజమాని కుమార్తె. ఆ తోటలో పనికి కుదిరిన స్కాట్లండు యువకుడు రాబర్ట్ మొఫట్. ఆయన 1816లో లండన్ మిషనరీ సొసైటీ పక్షమున ఆఫ్రికాకు బయలుదేరెను. ఆ సొసైటీ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. 1805లోనే దాని పక్షమున వచ్చినవారు విశాఖపట్నమున నిలిచి తెలుగు నేర్చుకొనిరి. మేరీ తలిదండ్రులు తొలుత ఈ సంబంధమునకు ఒప్పుకొనలేదు. ఒక్క కూతురిని సముద్రముల ఆవలికి పంపుట ఏ తల్లికి సమ్మతము? తుదకు ఎట్లో ఒప్పుకొనిరి. ఆమె కన్నవారిని విడిచి ఓడ ఎక్కి, 1819 డిసెంబరులో కేప్‌టౌన్ నగరమున వివాహమాడెను. 1821లో వారికి మొదటి బిడ్డ పుట్టినది. ఆమెకును తల్లి పేరే, మేరీ. ఈ ప్రసంగమునకు నాయిక ఆ బిడ్డయే.

వారు స్థిరపడిన చోటు కురుమాన్. కలహారీ ఎడారి అంచున అచట ఒక పెద్ద ఊట కలదు. దినమునకు సుమారు రెండు కోట్ల లీటర్ల నీరు రాళ్లనడుమనుండి ఉబికి వచ్చును. ఆ నీటిని కాలువలుగ త్రిప్పి మొఫట్ తోటలు పెంచెను, రాతి ఇల్లు కట్టెను. ఆయన తోటమాలితనము అచట వృథా పోలేదు. కాని ఇల్లు కట్టుట వేరు, ఇల్లు నడుపుట వేరు. కేప్‌టౌన్ అచటికి దాదాపు ఆరువందల మైళ్లు. ఎద్దుబండిలో రమారమి రెండు నెలల ప్రయాణము. సూది విరిగినను, మందు నిండుకొన్నను ఆ దూరమునుండి రావలసినదే.

ఆ ఇంటినుండి మేరీ తన పుట్టినింటికి వ్రాసిన ఉత్తరములలో ఒక సంగతి మన ఇల్లాండ్రకు నవ్వు పుట్టించును. అచటి స్త్రీలు నేలను ఆవుపేడతో అలుకుట చూచి ఆమెకు తొలుత ఏవగింపు కలిగెనట. కొన్నాళ్లు గడచునప్పటికి, వారమునకొకసారి అలికించు శనివారము ఎప్పుడు వచ్చునా అని ఎదురుచూచు స్థితికి వచ్చెను. దుమ్ము అణగును, పురుగు చేరదు, నేల పచ్చగ కన్నులకింపుగ నుండును అని తల్లికి వివరించి వ్రాసెను. ఇంగ్లండులోని ఆ తల్లి ఏమనుకొనెనో గాని, కోనసీమలోనో కరీంనగరములోనో ఉన్న ఏ ముత్తైదువయు ఆ ఉత్తరము చదివి ఆశ్చర్యపడదు. పరదేశమున బిడ్డలు ప్రాకు నేల శుభ్రముగ నుండవలెనన్న, ఆ దేశపు ఇల్లాలు చేయునదే చేయవలెను. ఈ ఉపాయము ఆమెకు పుస్తకములు నేర్పలేదు, ఇరుగుపొరుగు నేర్పిరి.

మొఫట్ దంపతులకు పదిమంది సంతానము కలిగిరి. అందరును దక్కలేదు. దక్కినవారు త్స్వానా పిల్లలతో ఆడుచు, ఆ భాష మాటాడుచు పెరిగిరి. చదువు చెప్పించుట మాత్రము పెద్ద చిక్కు. తల్లి నేర్పగలిగినంత నేర్పి, పదేండ్లు నిండునంతలో మేరీని, ఆమె చెల్లెలు ఆన్‌ను గ్రాహమ్స్‌టౌన్ దరిగల సేలమ్ అను ఊరి బడికి పంపిరి. బండి ప్రయాణము వారములకొలది సాగును. బిడ్డను బడిలో విడుచుట యనగా ఏడాదికి పైబడి ముఖము చూడకుండుట. మన ఇండ్లలో పట్నమునకు చదువుకు పంపిన పిల్లవానికై దసరా సెలవులకు దారిచూచు తల్లులు ఈ దూరమును ఒకింత ఊహింపగలరు.

1839లో ఆ కుటుంబము ఇంగ్లండుకు బయలుదేరెను. ఓడ కేప్‌టౌన్ రేవు విడువకముందే మేరీ అమ్మగారికి ఓడలోనే ఆడశిశువు జన్మించినది. ఓడలో పొంగుజ్వరము వ్యాపించియుండెను. కొలది దినములకే జేమ్స్ అను పసివాడు మరణించెను. ఒకే పడకగదిలో పురుడు, మరణము. పసికందుకు ఎలిజబెత్ అని పేరు పెట్టిరి. ఈ ఎలిజబెతే పెరిగి పెద్దదై, మతప్రచారకుడగు రోజర్ ప్రైస్‌ను వివాహమాడి, అదే ఆఫ్రికా నేలపై పెద్ద సంసారమీదెను. ఆమె దినచర్య పుస్తకము తరువాతి కాలమున అచ్చుపడినది.

పెద్దకూతురు మేరీ 1843లో తలిదండ్రులతో కురుమాన్‌కు తిరిగి వచ్చినది. అప్పటికే లివింగ్‌స్టన్ ఆ ప్రాంతమునకు వచ్చియుండెను. 1845 జనవరిలో వారికి పెండ్లి జరిగినది. మరుసటి ఏడు కొడుకు పుట్టగా తాతగారి పేరు పెట్టి రాబర్ట్ అనిరి. నాటినుండి ఊరివారికి ఆమె మేరీ కాదు, ‘మా-రాబర్ట్’. తెలుగువారికి ‘మా’ యనగానే ‘మనది’ అని తోచును గాని, ఆ భాషలో ఆ మాటకు తల్లి యని అర్థము. రాబర్ట్ తల్లి యన్నమాట. ఇల్లాలిని పేరుపెట్టి పిలువక ఫలానావాని తల్లి యని పిలుచు మర్యాద మన పల్లెలకే సొంతమని ఎవరైన అనుకొనిన, అది పొరపాటు. 1858లో లివింగ్‌స్టన్ జాంబెజీ నదిపై నడిపిన పొగఓడకు పెట్టిన పేరు కూడ ‘మా-రాబర్ట్’ అనియే.

వారు మూడవ మారు ఇల్లు కట్టుకొన్న ఊరు కొలోబెంగ్. నేటి బోట్స్వానా దేశములోనిది. అచటి దినచర్యను లివింగ్‌స్టన్ స్వయముగ వర్ణించెను. ప్రొద్దుపొడుపుతో లేవవలెను. ప్రార్థన, అల్పాహారము, తరువాత పదకొండు గంటలదాక పెద్దలకు పిన్నలకు బడి. పిమ్మట ఆయన కమ్మరి, వడ్రంగి, తోటమాలి, ఆమెకు ఇంటిపని. మధ్యాహ్నము ఒక గంట విశ్రాంతి యైనపిదప ఆమె పసిపిల్లల బడి నడపును. ఒక్కొక్కనాడు నూర్గురు పిల్లలు చేరెడివారట. చంకలో స్వంత బిడ్డ, ఎదుట ఊరి పిల్లలు నూర్గురు!

ఇక వంటపని. పెద్ద చెదపుట్టను తొలిచి, రాతిపలక తలుపుగ పెట్టి, అందు నిప్పుచేసి రొట్టె కాల్చుకొనిరి. కాదన్న, నేలను నిప్పుతో బాగుగ కాచి, పిండిముద్దను బూడిదపై నుంచి, పైన ఇనుప కుండ బోర్లించి, దానిపై మరల మంట వేయుదురు. పాతపిండి కొంచెము కలిపి ఎండలో ఉంచిన ముద్ద చక్కగ పొంగును. పెరుగు చిలుకుటకు ఒక జాడీ. క్రొవ్వొత్తులు ఇంటిలోనే అచ్చులలో పోయవలెను. మన భాషలోని ఆ పేరు అచట అక్షరాల నిజము. సబ్బుపని అన్నింటికంటె కష్టము. చెట్ల బూడిదలో క్షారము తక్కువగుటచే, బూడిదనీరు మార్చిమార్చి నెల, నెలన్నర కాచినగాని క్రొవ్వు సబ్బుగ మారదు. కుంకుడుకాయ చేతికందు ఇల్లాండ్రకు ఈ అవస్థ నమ్మశక్యము కాదు.

వానలు లేని ఏండ్లు వరుసగ వచ్చినవి. కొలోబెంగ్ ఏరు ఎండినది. పిల్లలకు మాంసము కరవైనపుడు ఊరివారు జాలిపడి పెద్ద గొంగళిపురుగులను తెచ్చి యిచ్చిరి. పిల్లలు వానిని ఇష్టముతో తినిరి. మత్లామెత్లో అను పెద్ద కప్ప దొరకిననాడు వారికి పండుగయే. మిడతలు వేయించి తేనెతో తినెడివారు. ఇది విని ముఖము ముడుచుకొనువారు ఉందురు. ఊరివారి జాలియే లేకున్న ఆ పిల్లల కడుపు ఎట్లు నిండెడిదో వారు చెప్పవలెను.

ఇంతవరకు శ్రమయే గాని దుఃఖము లేదు. దుఃఖము ప్రయాణములతో వచ్చినది. 1850లో లివింగ్‌స్టన్ భార్యను, ముగ్గురు పసివారిని బండిలో ఎక్కించి న్గామి సరస్సునకు తీసికొనిపోయెను. అప్పుడామె గర్భవతి. సరస్సు దరిని పిల్లలకు జ్వరము తగిలినది. ఇంటికి తిరిగి వచ్చినపిదప ఆగస్టులో ఆడుబిడ్డ పుట్టినది. ఎలిజబెత్ అనిరి. ఊరిలో పసిపిల్లలకు వ్యాపించిన జబ్బు ఆ శిశువునకు సోకి, ఆరు వారముల ప్రాయముననే కన్నుమూసినది. తల్లికి ముఖమున ఒక ప్రక్క పక్షవాతము వచ్చినది.

మరుసటి ఏడు మరల ప్రయాణము, మరల గర్భము. ఈ వార్త తెలిసి కురుమాన్‌లోని అత్తగారు అల్లునికి ఉత్తరము వ్రాసెను. మన దేశమున అత్తగారు అల్లుని ఎదుట నిలిచి మాటాడుటకే సంకోచించిన కాలమది. ఆమె సంకోచింపలేదు. ఒక బిడ్డ పోయినది, తక్కినవారు చావు తప్పి బయటపడిరి, తల్లికి అవిటితనము వచ్చుచుండినది, ఇది చాలదా, లోకమేమనును అని నిలదీసినది. లివింగ్‌స్టన్ ఆ ఉత్తరమును తన దినచర్యలో వ్రాసికొనెను. ప్రయాణము మాత్రము మానలేదు. ఆయన ధైర్యమును నేను తక్కువచేసి చెప్పుట లేదు. కాని ఈ వివాదమున నా పక్షము అత్తగారి పక్షము.

ఆ దారిలో నీరు నిండుకొన్నది. దారి చూపువాడు దారి తప్పెను. ఒక బండిలో మిగిలిన కొద్దిపాటి నీటిని పిల్లలకై దాచిరి, అదియు అయిపోయినది. బిడ్డలు దాహమునకు అలమటింపసాగిరి. నాలుగు దినములు గడచినవి. భార్య తనను తిట్టియున్న బాగుండెడిదని లివింగ్‌స్టన్ తరువాత వ్రాసెను. ఆమె ఒక్క నిష్ఠూరపు మాటయు పలుకలేదు. కన్నీరు నిండిన కన్నులే ఆమె లోపలి బాధను చెప్పినవి. ఐదవనాడు మనుష్యులు నీరు తెచ్చిరి. సెప్టెంబరులో జూగా నది ఒడ్డున, ఇల్లు లేని చోట, ఆమె మరియొక కుమారుని కనినది.

1852 ఏప్రిల్‌లో లివింగ్‌స్టన్ భార్యను, నలుగురు బిడ్డలను కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కించి తాను లోదేశమునకు మరలెను. ఆ పిల్లలకు ఇంగ్లండు స్వదేశమని పేరేగాని, చూచి ఎరుగరు. పుట్టినది ఆఫ్రికాలో, ఆడుకొన్నది ఆఫ్రికా పిల్లలతో. చేతిలో డబ్బు చాలక, భర్త ఎప్పుడు వచ్చునో తెలియక, ఆ తల్లి నాలుగున్నర సంవత్సరములు ఊరినుండి ఊరికి మారుచు బిడ్డలను సాకినది. అత్తవారింట సైతము ఇమడలేకపోయినది. 1856 చివర ఆయన వచ్చునాటికి దేశమంతటను ఆయన పేరు మారుమ్రోగుచుండెను. సభలు, సన్మానములు, పతకములు! ఆ నాలుగున్నర ఏండ్లు ఇల్లు గడపినదానికి పతకమిచ్చు సంఘమేదియు అప్పటికి ఏర్పడలేదు.

ఆమె 1862లో జాంబెజీ తీరమున షుపంగాలో జ్వరముతో మరణించెను. 1858లో కురుమాన్‌లో పుట్టిన కడగొట్టు కూతురు ఆనా మేరీ తండ్రిని మొదటిసారి చూచినది 1864లో, ఐదేండ్లు నిండినపిదప. జ్యేష్ఠుడు రాబర్ట్ కథ అన్నింటికంటె విచారకరము. తండ్రిని వెదకుచు ఆఫ్రికాకు పోయి, ఆయనను చేరలేక, అమెరికాకు పోయి, వేరుపేరు పెట్టుకొని అచటి అంతర్యుద్ధమున ఉత్తర సైన్యములో చేరెను. శత్రువులకు చిక్కి, 1864 డిసెంబరులో ఉత్తర కెరొలైనాలోని ఖైదీల శిబిరమున మరణించెను. వయస్సు పద్దెనిమిది. ఏ బిడ్డ పేరుతో తల్లిని ఊరంతయు పిలిచెనో, ఆ బిడ్డ తన పేరే విడిచిపెట్టి చనిపోయెను.

లివింగ్‌స్టన్ తన కడపటి ఏండ్లలో కొలోబెంగ్ దినములను తలచుకొని ఒక విషయము వ్రాసికొనెను. ఊరివారికి బోధించుటయందే బలమంతయు వెచ్చించితిని. సాయంకాలమగునప్పటికి అలసి, ఆటపాటలకు ఓపిక మిగిలెడిది కాదు. పిల్లలు చెంతనున్నపుడు వారితో ఆడలేదు, ఆడవలెననుకొనునప్పటికి వారు ఎదిగిపోయిరి అని దాని సారాంశము. తన ప్రచారక జీవితమున పశ్చాత్తాపపడదగినది ఇదియొక్కటే యనెను. ఇంత నిజాయితీతో తన తప్పు తాను వ్రాసికొన్న గొప్పవారు తక్కువ. అయినను ఆ మాటలు చదువుటకు రాబర్ట్ అప్పటికి లేడు, రాబర్ట్ తల్లియు లేదు.

వృద్ధులైన మొఫట్ దంపతులు 1870లో కురుమాన్ విడిచి ఇంగ్లండు చేరిరి. మరుసటి జనవరిలోనే అవ్వగారు చనిపోయెను. ఆమె నాటించిన అలవాట్లు ఎన్ని నిలిచెనో గాని, ఆ రాతి ఇల్లు, నీటికాలువ నిలిచినవి. కొలోబెంగ్‌లో అంతయు మిగులలేదు. బోట్స్వానా ముఖ్యపట్టణమగు గాబరోన్‌కు పడమట, ఆ ఏటి ఒడ్డున, ఇంటి పునాదులు కొంత కనబడును. వానికి దాపుననే కొన్ని సమాధులు కలవు. వానిలో ఒకటి ఆరు వారముల ఎలిజబెత్‌ది.